వీధి మొత్తానికి బావమరిది

ఆ బజారులో అతని అసలు పేరు ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు కూడా. బేకరీ యజమానికి బావమరిది కాబట్టి పక్కనున్న జ్యూసు కొట్టువాడికీ బావమరిదే, ఎదురుగా ఉన్న మందుల షాపాయనకీ బావమరిదే. మూల మీద పూలమ్మే ముసలావిడ కూడా, వరసకి ఏ మూలా కుదరకపోయినా, "ఏం బావమరిదీ, ఇప్పుడా రావడం?" అనేది. అతను ఫ్రిజ్జులు బాగుచేసే మెకానిక్. ఉన్నది ఒక్కగానొక్క అక్క అయితే ఇంతమంది బావలు ఎక్కడినుంచి పుట్టుకొచ్చారని అతని భార్య అడిగేది. మొదట్లో నవ్వుతూ అడిగేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసి అడిగేది.

బావమరిది అన్న పిలుపుతో వచ్చిన నష్టం ఏమీ లేదు. అసలు రోగమంతా "ఎలాగూ వచ్చావు కదా" అనే మూడు మాటల్లో ఉంది. బావ ఫోన్ చేస్తాడు. ఇతను పనిముట్ల సంచీ, గ్యాసు సిలిండరూ స్కూటరుకి కట్టుకుని, కొండదారి దిగి, పూటంతా ఎండలో పడి ఆ ఊరు చేరతాడు. బేకరీ పని అయి చేతులు తుడుచుకోకముందే జ్యూసు కొట్టువాడు గుమ్మంలో నిలబడి ఉంటాడు. "ఎలాగూ వచ్చావు కదా, మాది కూడా ఓ చూపు చూసి పో." అది అవగానే మందుల షాపాయన. ఆ తర్వాత పూలావిడ పాత డబ్బా ఫ్రిజ్జు. ఇచ్చేదేమిటయ్యా అంటే సామాను ఖర్చు, ఓ కప్పు టీ, మరీ మనసు కరిగితే జేబులో కుక్కే ఒక నలిగిన నోటు. దారి ఖర్చు మాట ఎత్తేవాడే లేడు, ఎందుకంటే ఎవరి లెక్కలో చూసినా అతన్ని పిలిచింది పక్కవాడు. ఆఖరికి ఎంతవరకు వచ్చిందంటే, జ్యూసు కొట్టువాడు తన ఫ్రిజ్జు చెడిపోతే ఫోన్ చేసేవాడు కాదు. ఐసుగడ్డలు కొనుక్కుని కాలక్షేపం చేస్తూ, రోజూ పొద్దున్నే బేకరీలోకి తొంగిచూసి, "మీది బాగానే పనిచేస్తోందా అన్నా?" అని ఆశగా అడిగేవాడు.

షోరూంలో జీతానికి ఉన్నప్పుడు ఈ బాధ లేదు. ఎవరింటికి వెళ్ళినా గడప దాటగానే విజిటింగ్ ఛార్జీ రసీదు చింపి చేతిలో పెట్టేవాడు. ఒక్కడు కిక్కురుమంటే ఒట్టు. ఆ డబ్బంతా షోరూం యజమాని గల్లాలోకి పోయేది, ఎండలో తిరిగినవాడికి నెలాఖరున బొటాబొటి జీతం. ఆ కడుపుమంటతోనే ఉద్యోగం వదిలేసి సొంతంగా మొదలుపెట్టాడు. తీరా మొదలుపెట్టాక ఏమైంది? యజమాని రేటు గడగడా చెప్పేసిన నోరు, తన రేటు చెప్పాల్సి వచ్చేసరికి మూతపడింది. ఎంతివ్వమంటారని అడిగితే, "మీకు తోచింది ఇవ్వండి" అనేవాడు. అంతకన్నా తెలివితక్కువ మాట ఇంకోటి ఉంటుందా? తోచింది ఇవ్వమంటే ఎవడికైనా తక్కువే తోస్తుంది.

చివరికి ఇంటద్దె బాకీ పడింది, స్కూటరు టైర్లు గుండు గీసినట్టు నున్నగా అయిపోయాయి. సందు చూసి షోరూం యజమాని కబురు పంపాడు. ఎల్లుండి పొద్దున షట్టరు తీసేసరికి వచ్చి నిలబడితే మళ్ళీ పనిలో పెట్టుకుంటాడట. పాత జీతమే. పైగా, వెళ్ళిపోవడం తన తప్పేనని పనివాళ్ళందరి ముందూ ఒప్పుకోవాలట. ఆ మాట విన్నప్పటినుంచి అతనికి ముద్ద దిగడం లేదు.

మర్నాడు పొద్దున్నే బావ ఫోను.

"ఒరేయ్, అద్దాల ఫ్రిజ్జు చచ్చింది. సాయంత్రం పెద్ద విందు ఆర్డరుంది. మీ అక్క తెల్లారకముందే లేచి చేసిన కేకులన్నీ అందులోనే ఉన్నాయి. ఉన్నపళంగా రా."

"వస్తాను బావా. అది... దారి ఖర్చు..."

ఫోను అప్పటికే పెట్టేశాడు.

స్కూటరు తాళంచెవి కోసం చూస్తే అది భార్య గుప్పిట్లో ఉంది. "చెప్పారా?" అంది.

"లైను కట్టయింది."

"లైను కట్టవ్వలేదండీ, మీ గొంతే పెగల్లేదు." ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఇన్నిసార్లు అనుకున్నాం కదా. దారికి నాలుగొందలు. చెయ్యి పెడితే ఐదొందలు. సామాను వేరే. ఒకే రోజు నలుగురు చేయించుకుంటే దారి ఖర్చు నలుగురూ పంచుకుంటారు. ఇందులో అన్యాయం ఏముంది? పెట్రోలొక్కటే కాదు, దారిలో పోయే పూట కూడా మీదే. ఆ పూట ఇక్కడే ఉంటే రెండిళ్ళలో పని చేసుకుంటారు."

"బావని అడగడం అంటే..."

"సరే, నేనే అన్నయ్యగారిని అనుకోండి. అడగండి." లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని, పొట్ట ముందుకు తోసి గడప దగ్గర నిలబడింది. "ఏంట్రా?" అంది, అచ్చం బావ గొంతుతో.

అతను గొంతు సవరించుకున్నాడు. "బావా, మరేమో..."

"ఊఁ, చెప్పరా!"

"అక్క బాగుందా?"

ఆవిడ నెత్తి బాదుకుంది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. తాళంచెవి అతని చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, వదలకుండా పట్టుకుంది. "చూడండి, సంచీ విప్పకముందే చెప్పాలి. పనయ్యాక చెబితే అది అడుక్కోవడం అవుతుంది. ఇవాళ అక్కడ తలెత్తి చెబితే రేపు షోరూంలో తల దించుకోనక్కర్లేదు. చెప్పకుండా వచ్చారా, తెల్లారి నేనే మిమ్మల్ని వెంటబెట్టుకుని ఆ షట్టరు ముందు నిలబెడతాను. మిమ్మల్ని అలా చూడటం నాకు ఇష్టమా చెప్పండి?"

ఇష్టం లేదని ఆవిడ కళ్ళే చెబుతున్నాయి. అతను తలూపి బయల్దేరాడు.

దారి పొడుగునా వల్లెవేసుకుంటూనే ఉన్నాడు. "దారికి నాలుగొందలు బావా. పనికి ఐదొందలు బావా." మలుపులో ఒక లారీ అతన్ని దాటి వెళుతుంటే, పైన కూర్చున్న మనిషి, ఎవరితో మాట్లాడుతున్నాడీ పిచ్చోడు అన్నట్టు వెనక్కి తిరిగి మరీ చూశాడు. ఎండ నెత్తిన నిప్పులు చెరుగుతోంది. ఈ ఎండకి క్రీము ఎంతసేపు ఆగుతుందో అతనికి తెలుసు. తెలిసినకొద్దీ యాక్సిలరేటరు మీద చెయ్యి బిగుసుకుంది.

బేకరీలో అడుగుపెట్టేసరికి అక్క మోచేతుల దాకా క్రీముతో, చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. అద్దాల ఫ్రిజ్జులో మూడు అరలనిండా కేకులు. మధ్యలో ఐసుగడ్డల గిన్నెలు పెట్టారు. పైఅరలో ఉన్న పెద్ద కేకు మీద క్రీము పువ్వులు అప్పుడే మెడలు వాల్చేస్తున్నాయి. అక్క ఒకదాన్ని కత్తితో సరిచేస్తుంటే పక్కది జారుతోంది. తమ్ముణ్ణి చూసి, "వచ్చావా నాన్నా," అంది. అంతే, మళ్ళీ కేకు మీదకి వంగింది.

ఫ్రిజ్జు వెనకనుంచి టక్కుమని చప్పుడు. కాసేపు మూలుగు. మళ్ళీ టక్. అతనికి చూడక్కర్లేకుండానే అర్థమైంది. ఫ్యాను మోటారు పట్టేసింది. గాలి ఆడక కంప్రెషర్ వేడెక్కిపోయి ఆగిపోతోంది, చల్లారీ చల్లారకుండా మళ్ళీ లేవబోతోంది. కొత్త ఫ్యాను మోటారు సంచీలోనే ఉంది. గంట పని కూడా కాదు. అతను సంచీ కింద పెట్టాడు. విప్పలేదు.

"ఏంట్రా చూస్తున్నావు? విప్పు సంచీ," అన్నాడు బావ. బావది పెద్ద విగ్రహం, అంతకు మించిన గొంతు.

"బావా, ఒక్క మాట."

"మాటలు తర్వాత, పని ముందు."

అంతలో గుమ్మంలో జ్యూసు కొట్టువాడు ప్రత్యక్షం. "బావమరిదీ! వచ్చావా! దేవుడల్లే వచ్చావు. ఎలాగూ వచ్చావు కదా..." అతని వెనకే మందుల షాపాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చాడు. పూలావిడ అరుగు మీద చతికిలబడింది. ఇంతమంది ముందా?

"దారికి నాలుగొందలు బావా," అన్నాడు.

"ఏంటీ?"

ఒకసారి చెప్పడమే గగనం అనుకుంటే, రెండోసారి చెప్పమంటాడేమిటీ మనిషి! అతను ఈసారి గట్టిగా అన్నాడు. "దారికి నాలుగొందలు, పనికి ఐదొందలు, సామాను వేరే. మీరు సరే అంటేనే సంచీ విప్పుతాను."

గట్టిగా అనబోయి మరీ గట్టిగా అనేశాడు. ఎదుటి షాపులో వాళ్ళు కూడా తలలు తిప్పారు.

బావ ముందు పకపకా నవ్వాడు. ఎవరూ కలిసి నవ్వకపోయేసరికి ఆపేశాడు. "ఎవరికిరా రేటు? నాకా? ఈ కొట్లో నువ్వు తిన్నదానికి ఏనాడైనా బిల్లు వేశానా?"

"లేదు బావా."

"నీ పెళ్ళాం నేర్పి పంపిందా?"

"నేర్పింది బావా. నాకు చేతకాకపోతేనే నేర్పింది."

పూలావిడ కిసుక్కుమంది. బావ మొహం జేవురించింది. జేబులోంచి ఫోను తీసి అక్కడికక్కడే షోరూంకి చేశాడు, అదీ అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి. అవతలివాడు తాపీగా చెప్పాడు. మనిషి రేపు మధ్యాహ్నానికి గానీ రాడు. విజిటింగ్ ఛార్జీ ఏడొందలు, పని చేసినా చేయకపోయినా. "అలాగే సార్, రేపైనా పంపించండి సార్," అన్నాడు బావ. నోరు జారి అన్నది కాదు, అలవాటుగా అన్నాడు. ఎవడో మొహం తెలియనివాడి ఏడొందలకి సార్! ఇంటి మనిషి నాలుగొందలకి తిట్లు! మెకానిక్‌కి ఒళ్ళు మండిపోయింది. అంతకన్నా ఎక్కువ ఏడుపొచ్చింది.

"నీ మొహం చూడక్కర్లేదు, నేనే నడిపిస్తా," అని బావ విసురుగా వెళ్ళి ఫ్రిజ్జు స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకండి!"

ఆ అరుపు ఎవరిదో అతనికే ఒక క్షణం అర్థం కాలేదు. బావ మీద గొంతు లేపడం పుట్టిబుద్ధెరిగి అదే మొదలు. "ఇంకోసారి వేశారంటే కంప్రెషర్ కాలిపోతుంది. అప్పుడు నేను కూడా ఏం చేయలేను," అన్నాడు.

బావ చెయ్యి తీసేశాడు. పెద్ద కేకు పైవరస క్రీము ఒక పక్కకి జారి అద్దానికి అంటుకుంది. అక్క గబుక్కున కత్తితో ఆపి, రెండో చెయ్యి బల్ల మీద ఆనించి నిలబడింది. తెల్లారకముందునుంచి నిలబడ్డ కాళ్ళు అవి. తమ్ముడి చెయ్యి దానంతటదే సంచీ జిప్పు మీదకి పోయింది. పోనీలే, ఈ ఒక్కసారికి. మాట నాలుక చివరి దాకా వచ్చేసింది. ఇన్నాళ్ళూ అతని బతుకంతా ఈ ఒక్కసారికే, ఈ ఒక్కసారికే అంటూ గడిచింది కదా!

ఆ జిప్పు చప్పుడు విని బావ నెగ్గాననుకున్నాడు. నెగ్గినవాడు ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "మీ అమ్మ మీ ఇంట్లో మంచాన పడితే మీ అక్క ఎన్నిసార్లు రాలేదు? నీ పెళ్ళాం పురిటికి రాలేదా? బస్సు ఖర్చు ఇమ్మని నిన్ను ఏనాడైనా అడిగిందా? చెప్పు, ఇంతమంది ముందూ చెప్పు!"

తమ్ముడి చెయ్యి జిప్పు మీదే ఆగిపోయింది. నిజమే. అక్క ఎప్పుడూ అడగలేదు. ఇవ్వాలని తనకీ ఎప్పుడూ తోచలేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

"అడగలేదు," అంది అక్క.

కత్తి బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, మొగుడి వైపు తిరిగింది. "వాణ్ణి అడగలేదు. మిమ్మల్ని అడిగాను. వెళ్ళాలనుకున్న ప్రతిసారీ ఆ గల్లాపెట్టె ముందు నిలబడి, మీరు ఏ మూడులో ఉన్నారో చూసుకుని, బస్సుకి డబ్బులివ్వండి అని అడిగాను. ఈ గల్లా నిండేది ఈ కేకులతో. కేకులు చేసేది ఈ చేతులు. అయినా పొద్దున అడిగితే సాయంత్రం ఇచ్చేవారు. ఆఖరిసారి అడిగినప్పుడు ఏమన్నారో గుర్తుందా?"

బావ గల్లాపెట్టె వైపు చూశాడు.

"మొన్ననేగా వెళ్ళొచ్చావు అన్నారు. ఆ మర్నాడే అమ్మ పోయింది."

జ్యూసు కొట్టువాడు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

ఆ ఆఖరి రోజు అమ్మ గుమ్మం వైపే చూస్తూ పడుకుంది. అక్క వస్తోందా అని రెండుమూడుసార్లు అడిగింది కూడా. వస్తుందమ్మా అని అతను చెబుతూనే ఉన్నాడు. అక్క వచ్చేసరికి అంతా అయిపోయింది. ఏదో పెద్ద ఆర్డరు వదల్లేక ఆగిపోయి ఉంటుందిలే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. లోపలెక్కడో అక్క మీద కోపం కూడా పెట్టుకున్నాడు. ఛీ, ఎంత మాట అనుకున్నాను అని అతని కళ్ళు నిండిపోయాయి. "అక్కా, నాకు తెలియదే," అన్నాడు.

"నువ్వు సంచీ విప్పరా," అంది అక్క. "నీ రేటుకి నేను ఒప్పుకున్నాను." వెళ్ళి గల్లాపెట్టె లాగి, తొమ్మిదొందలు లెక్కపెట్టి, సామానుకని ఇంకో రెండు నోట్లు కలిపి తమ్ముడి జేబులో పెట్టింది. బావ అడ్డం రాలేదు. పక్కకి జరిగి దారిచ్చాడు.

అప్పుడు పని మొదలైంది. వెనక రేకు విప్పితే గాలి ఆడే జాలీ నిండా మైదాపిండి, చక్కెర తేమతో కలిసి అట్టలా కట్టి ఉంది. బ్రష్షుతో గీకి, గాలి కొట్టి, పాత ఫ్యాను మోటారు పీకి కొత్తది బిగించాడు. అసలు భయం కంప్రెషర్ గురించే. చెయ్యి పెడితే చుర్రుమంటోంది. టేబుల్ ఫ్యాను తెచ్చి దాని మీదకి తిప్పి పెట్టారు. అది చల్లారేదాకా ఆగడం తప్ప చేసేదేమీ లేదు. ఇటు ఆగుతుంటే అటు క్రీము ఆగడం లేదు. ఇప్పటికే కాలిపోయి ఉంటే? రేటు చెప్పి, డబ్బు తీసుకుని, పని కాకపోతే ఈ బజారులో మళ్ళీ మొహం ఎలా చూపించాలి? తోచింది ఇవ్వండి అన్నవాడికి ఈ భయం ఉండదు. రేటు చెప్పినవాడికే ఉంటుంది. అతని వీపు మీద చొక్కా తడిసి అంటుకుపోయింది. ఆఖరికి కంప్రెషర్‌ని అరచేత్తో తడిమి చూసి, "వెయ్యక్కా," అన్నాడు.

అక్క స్విచ్చి వేసింది. టక్. మూలుగు. రెండో టక్ రాలేదు. మూలుగు కుదురుకుని, సాఫీగా సాగిపోయింది. లోపల అద్దం మీద సన్నగా చెమ్మ పట్టడం మొదలైంది. అక్క అప్పటికే కత్తి పట్టుకుని జారిన వరస సరిదిద్దుతోంది.

జ్యూసు కొట్టువాడు గుమ్మంలో రెండడుగులు ముందుకీ వెనక్కీ వేశాడు. "బావమరిదీ, ఎలాగూ..." అని, మిగతాది మింగేశాడు. "నా వంతు దారి ఖర్చు ఎంత పడుతుంది?"

"ఇవాళ ఇద్దరే అయితే రెండొందలు. పనికి ఐదొందలు."

"సరే, రా." మందుల షాపాయన మాత్రం తన షాపుకేసి చూస్తూ, మాది ప్రస్తుతానికి బాగానే ఉందిలే అని మెల్లగా జారుకున్నాడు. వాళ్ళ ఫ్రిజ్జు కింద నీళ్ళు కారుతున్న సంగతి బజారంతటికీ తెలుసు.

మెకానిక్ జేబులోంచి రెండొందలు తీసి అక్కకి తిరిగిచ్చాడు. "దారి పంచుకున్నారుగా," అన్నాడు. జ్యూసు కొట్టుకి వెళ్ళేముందు బయట నిలబడి ఇంటికి ఫోను చేశాడు.

"చెప్పారా?" అంది భార్య, హలో కూడా అనకుండా.

"చెప్పాను. రేపు షోరూంకి వెళ్ళను."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "జాగ్రత్తగా రండి," అంది.

అతను జ్యూసు కొట్టు పని ముగించి స్కూటరు కోసం బేకరీకి వచ్చేసరికి విందు వాళ్ళ వ్యాను వచ్చి ఉంది. కేకులన్నీ ఒక్కటీ చెడకుండా ఎక్కాయి. వ్యానులో వచ్చినాయన బావ చేతిలో డబ్బు పెట్టి వెళ్ళాడు. బావ అలవాటు చొప్పున గల్లాపెట్టె లాగి, డబ్బు అందులో పెట్టబోయి ఆగాడు. అక్క ఎదురుగా నిలబడి ఉంది.

"ఈ ఆర్డరుకి నా కూలీ ఎంతో మనం మాట్లాడుకోవాలి," అంది.

బావ తల ఎత్తకుండానే అడిగాడు. "ఎంత కావాలి?"

అక్క నోరు తెరిచింది. అంకె రాలేదు. అన్నేళ్ళు చేసిన పనికి ఒక ధర ఉంటుందని ఎప్పుడైనా అనుకుంటే కదా! తమ్ముడి వైపు చూసింది. "ఎంత చెప్పాలిరా?"

"నేను చెప్పకూడదక్కా. నువ్వే చెప్పాలి."

అక్క బల్ల మీది క్రీము మరకని గుడ్డతో తుడిచింది. గడప అవతల పూలావిడ కూడా పూలు కట్టే చెయ్యి ఆపి చూస్తోంది.

"కూలీ సంగతి రాత్రి ఆలోచించుకుని చెబుతాను," అంది అక్క చివరికి. "ముందు ఆ రోజు నేనడిగిన బస్సు ఖర్చు ఇవ్వండి. అమ్మ ఉండగా అడిగింది."

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. గల్లాపెట్టెలోంచి ఒక నోటు తీసి బల్ల మీద పెట్టాడు. అక్క దాన్ని ముట్టుకోలేదు.

"రానూ పోనూ," అంది.

బావ ఇంకో నోటు తీసి దాని పక్కన పెట్టాడు.